‘లేదా’ అని రాసి ఉన్నదాన్ని ‘మరియు’ అని చదివే అధికారం సుప్రీంకోర్టుకు ఉందా?

వంశధార_ఒడ్డు

మాది శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న ఒక పల్లె. 2004లో ఒక పిల్లకాలువ కోసం మా నాన్నగారి పేరున ఉన్న ఎకరా ఎనభై సెంట్ల పల్లపు భూమిని 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకుంటున్నట్టు అవార్డు (పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు) ప్రకటించారు. ఆ కాలువను నేటి వరకు తవ్వలేదు. భూమిని స్వాధీనం చేసుకున్నామని ఒక పంచనామా మాత్రం రాసుకున్నారు. వచ్చినవారు చింతచెట్టు కింద కూర్చుని కాగితం నింపుకొని, మా ఇంట్లో మజ్జిగ తాగి వెళ్లారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. పరిహారం మా చేతికి రాలేదు, ఖజానాలో జమ చేశామన్నారు. ఆ మడిలో ఈ ఏడాది కూడా ఉభాలు (వరినాట్లు) చేసింది మేమే.

కొత్త భూసేకరణ చట్టం వచ్చాక మేము కోర్టుకు వెళ్లాం. స్వాధీనం జరగకపోయినా, లేదా పరిహారం చెల్లించకపోయినా, పాత సేకరణ రద్దవుతుందన్న నిబంధన ఆధారంగా 2016లో అప్పటి ఉమ్మడి హైకోర్టు మాకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. నాన్నగారు ఆ తీర్పు నకలును పాసు పుస్తకంతో పాటు ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. గత నెల ఢిల్లీ నుంచి నోటీసు వచ్చింది. రెండు వేల రోజులకు పైగా ఆలస్యంగా సంబంధిత శాఖ సుప్రీంకోర్టులో అప్పీలు వేసింది. శ్రీకాకుళంలో మా న్యాయవాది కాగితాలు చూసి, “2020లో తీర్పు మారింది, ఆ ‘లేదా’ను ఇప్పుడు ‘మరియు’ అని చదవాలి, మీకు కష్టమే” అన్నారు.

మేము గెలుస్తామా ఓడుతామా అన్నది ఒక ప్రశ్న. దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది. పార్లమెంటు ‘లేదా’ అని రాసిన చోట అయిదుగురు న్యాయమూర్తులు ‘మరియు’ అని చదువుకోవచ్చునా? చదివితే వారిని అడిగేది ఎవరు?

పైడితల్లి_జాతర

మా వీధి హోటల్లో ‘ఇడ్లీ లేదా వడ నలభై రూపాయలు’ అని బోర్డు ఉంది. రేపు ఈ తీర్పు పట్టుకొని వెళ్లి రెండూ అడుగుతాను.

లాయరు_బొబ్బిలి

జాతర గారి సంగతి హోటల్ యజమాని చూసుకుంటారు గానీ, ఒడ్డు గారు అడిగినదానికి కొంచెం వివరంగా సమాధానం చెప్పవలసి ఉంది.

కొత్త చట్టం 2014 జనవరి 1న అమలులోకి వచ్చింది. అప్పటికి అయిదేళ్లో అంతకంటే ఎక్కువో ముందుగా అవార్డు అయిపోయిన సేకరణల గురించి చెప్పేది సెక్షన్ 24(2). అదే నెల 24న పుణె నగరపాలక సంస్థ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నిబంధనను రాసి ఉన్నది ఉన్నట్టుగా చదివింది. రైతు డబ్బు తీసుకోకపోతే దాన్ని కోర్టులో జమ చేయాలని, ప్రభుత్వం తన ఖజానాలో తానే వేసుకుంటే అది చెల్లింపు కాదని కూడా చెప్పింది. మీ 2016 తీర్పు ఆ పునాది మీద నిలిచినదే. 2018 ఫిబ్రవరిలో ఇండోర్ అభివృద్ధి సంస్థ కేసులో మరో ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని, మెజారిటీతో పుణె తీర్పు చెల్లదన్నారు. ముగ్గురు చెప్పినదాన్ని ముగ్గురు ఎలా కొట్టివేస్తారన్న వివాదం వెంటనే లేచింది. చివరికి అయిదుగురి రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చి 6న పుణె తీర్పును తోసిపుచ్చింది. స్వాధీనమూ జరగక, పరిహారమూ చెల్లించక ఉంటేనే సేకరణ రద్దవుతుందని, రెంటిలో ఏ ఒక్కటి జరిగినా రద్దు కాదని తేల్చింది. పంచనామా రాసి స్వాధీనం చేసుకుంటే చాలునని, పరిహారం ఇవ్వజూపి ఖజానాలో ఉంచినా సరిపోతుందని కూడా చెప్పింది.

‘లేదా’ను ‘మరియు’గా చదవడం న్యాయస్థానాలకు కొత్త విద్య కాదు. మాటను మాటగా తీసుకుంటే చట్టం ఉద్దేశమే తలకిందులవుతుందని భావించినప్పుడు కోర్టులు అలా చదివిన సందర్భాలు ముందు నుంచీ ఉన్నాయి. చెక్కు ఇస్తామంటే తీసుకోకుండా, స్టే తెచ్చుకొని ఏళ్లు గడిపి, ఆ తర్వాత ‘నాకు డబ్బు ముట్టలేదు, సేకరణ రద్దు చేయండి’ అనే యజమానికి చట్టం బహుమతి ఇవ్వకూడదన్నది ఆ తీర్పులోని తర్కం. బహుమతి కోరని మీవంటి వారు కూడా అదే జల్లెడలో పడ్డారన్నది నా అభిప్రాయం. అయితే 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రం దేశంలోని కోర్టులన్నింటికీ శిరోధార్యం. నా అభిప్రాయానికి అక్కడ చోటు లేదు.

గంటస్తంభం_విజయనగరం

లాయరు మేడం ఎంత మర్యాదగా చెప్పినా విషయం ఒకటే. చట్టం రాయవలసింది మనం ఓటేసి పంపినవారు. దాని అర్థం తేల్చేది మనం ఎన్నుకోనివారు. పైగా వారిని నియమించేది కూడా వారే. 1993 తీర్పుతో కొలీజియం వచ్చింది. దాని స్థానంలో నియామకాల కమిషన్ తేవాలని 2014లో పార్లమెంటు 99వ రాజ్యాంగ సవరణ చేసి, సగానికి పైగా రాష్ట్రాలు ఒప్పుకున్నా, 2015 అక్టోబరు 16న నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఒకరు మరోవైపు ఉండి దాన్ని కొట్టేశారు. తన నియామకం గురించిన తగాదాకు తానే తీర్పరిగా కూర్చునే సౌకర్యం ఈ దేశంలో ఇంకెవరికైనా ఉందా?

అరసవల్లి_విశ్రాంత

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు జిల్లా కోర్టుల్లో బెంచి గుమస్తాగా పనిచేసి విరమించాను. గంటస్తంభం గారికి కోపం వచ్చింది, అందులో కొంత న్యాయం ఉంది. అయితే ‘అడిగేవారు లేరు’ అన్న మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. పార్లమెంటుకు ఆ అర్థం నచ్చకపోతే ఒక చిన్న సవరణతో ‘లేదా’ను తిరిగి ‘లేదా’గానే నిలబెట్టవచ్చు. 2018 మార్చిలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని పలుచన చేసేలా తీర్పు వచ్చినప్పుడు, కొద్ది నెలల్లోనే పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చి దాన్ని సరిచేసింది. మరుసటి ఏడాది కోర్టు కూడా ఆ తీర్పులోని ప్రధాన ఆదేశాలను వెనక్కి తీసుకుంది. అంటే దారి ఉంది. భూమి పోయిన చిన్న రైతు కోసం ఆ దారిలో నడిచే ఓపిక ఎవరికీ లేకపోయింది, అంతే.

ఇక ఒడ్డు బాబూ, మీరు దిగులు పడవలసింది ‘లేదా’ గురించి కాదు, ఆ రెండు వేల రోజుల గురించి. హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లడానికి గడువు తొంభై రోజులు. అది దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి. ‘న్యాయసూత్రం ఇప్పుడు మారింది కాబట్టి ఇప్పుడు వచ్చాం’ అన్నది కారణం అవుతుందా అన్న చోటే మీ పోరాటం ఉంది.

టెక్కలి_తూకం

ఒక్క సందేహం. 2020లో చెప్పిన అర్థం 2016 నాటి తీర్పును ఎలా ముట్టుకుంటుంది? ఆటో నడిపేవారికి కొత్త నిబంధన వస్తే నిన్నటి ప్రయాణానికి జరిమానా వేయరు కదా.

లాయరు_బొబ్బిలి

తూకం గారు అసలు ముడిని పట్టుకున్నారు.

శాసనసభ చట్టం చేస్తే అది సాధారణంగా ఆ రోజు నుంచి నడుస్తుంది. కోర్టు పాత తీర్పును తోసిపుచ్చితే మాత్రం, ‘ఈ చట్టానికి మొదటి నుంచీ ఇదే అర్థం, ఇంతకుముందు మేము పొరబడ్డాం’ అని చెప్పినట్టు లెక్క. అందువల్ల కొత్త అర్థం వెనకటి తేదీలకు కూడా వర్తిస్తుంది. ఇకముందు మాత్రమే వర్తించాలంటే కోర్టు ఆ మాటను ప్రత్యేకంగా చెప్పాలి. ఆ పద్ధతిని మన దేశంలో మొదట ప్రవేశపెట్టినది రాజమహేంద్రవరానికి చెందిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. 1967లో గోలక్‌నాథ్ కేసులో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరోవైపు ఉన్న తీర్పులో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించరాదని చెబుతూనే, అప్పటికే జరిగిపోయిన భూసంస్కరణలు తలకిందులు కాకుండా ఆ సూత్రాన్ని ముందుకాలానికే పరిమితం చేశారు. దేశమంతటా పంచిన భూములను మళ్లీ లాక్కునే పరిస్థితి రాకుండా ఆపిన ఉపాయం అది. భూసేకరణ విషయంలో అటువంటి ఉపశమనం దొరకలేదు.

అయితే ముగిసిపోయిన కేసులన్నీ తిరిగి లేవవు. ఒక తీర్పుకు ఆధారమైన న్యాయసూత్రాన్ని తర్వాత మరో కేసులో మార్చినంత మాత్రాన పాత తీర్పును పునస్సమీక్షించరాదని సివిల్ ప్రొసీజరు కోడ్ 47వ ఆర్డరులోని వివరణ స్పష్టంగా చెబుతుంది. 2024 మేలో సుప్రీంకోర్టు భూసేకరణ కేసుల్లోనే ఆ సంగతిని మళ్లీ ధ్రువీకరించింది. ఒడ్డు గారి మీద వచ్చినది పునస్సమీక్ష కాదు, ఆలస్యమైన అప్పీలు. అందుకే విశ్రాంత గారు చెప్పినట్టు ఆలస్యం మీద గట్టిగా నిలబడాలి. 2012లో తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వచ్చినప్పుడు, ప్రభుత్వమైనంత మాత్రాన గడువు విషయంలో ప్రత్యేక మర్యాద ఉండదని ఆ కోర్టే చెప్పింది. దాన్ని మీ కౌంటర్ అఫిడవిట్టులో తప్పక ప్రస్తావించాలి.

గంటస్తంభం_విజయనగరం

అంటే ఒకే కోర్టు 2014లో ఒక మాట, 2018లో మరో మాట, 2020లో ఇంకో మాట చెప్పింది. మూడు సార్లూ అది అంతిమ వాక్కే! మా ఇంట్లో పెళ్లి ముహూర్తం కూడా ఇన్నిసార్లు మారలేదు.

నాగావళి_పాఠకుడు

గంటస్తంభం గారి ఎత్తిపొడుపులో ఒక నిజం ఉంది. సుప్రీంకోర్టు ఒకటే అనుకుంటాం గానీ, అది రోజూ ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనాలుగా విడిపోయి కూర్చుంటుంది. 1950 జనవరి 28న మొదలైనప్పుడు ప్రధాన న్యాయమూర్తితో కలిపి ఎనిమిది మందికే చోటు ఉండేది, 2019లో అది ముప్పై నలుగురికి పెరిగింది. రాజ్యాంగాన్ని వ్యాఖ్యానించవలసిన ముఖ్యమైన ప్రశ్న వస్తే కనీసం అయిదుగురు కూర్చోవాలని 145వ అధికరణం చెబుతుంది గానీ, మిగతా వేలాది కేసులు చిన్న ధర్మాసనాల్లోనే తేలిపోతాయి. ఏ కేసు ఏ ధర్మాసనానికి వెళ్లాలో నిర్ణయించేది ప్రధాన న్యాయమూర్తి. మాట మారడానికి అవకాశం ఉన్నది అక్కడే.

మాట మారడం ఎప్పుడూ చెడ్డదేనని మాత్రం నేను ఒప్పుకోను. అత్యవసర పరిస్థితిలో, 1976లో, నిర్బంధితుడికి తన ప్రాణం కోసం కూడా కోర్టు తలుపు తట్టే హక్కు లేదని నలుగురు న్యాయమూర్తులు చెప్పారు. హెచ్.ఆర్. ఖన్నా గారు ఒక్కరే కాదన్నారు, ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి వెళ్లిపోయింది. మా మేనమామ ఆ రోజుల్లో పద్నాలుగు నెలలు లోపల ఉన్నారు. ఆ తీర్పు వార్త విన్న రోజు తోటి ఖైదీలు ఎవరూ అన్నం ముట్టలేదని చెప్పేవారు. 2017లో గోప్యత హక్కు కేసులో తొమ్మిది మంది ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. తండ్రి వై.వి. చంద్రచూడ్ నాడు మెజారిటీలో ఉండగా, అది తప్పని నేడు రాసినది కొడుకు డి.వై. చంద్రచూడ్. కోర్టుకు మాట మార్చుకునే అధికారం లేకపోతే 1976 తీర్పు నేటికీ మన నెత్తిమీద ఉండేది.

టెక్కలి_తూకం

మాట మార్చుకోవడానికి నలభై ఒక్క సంవత్సరాలు పట్టిందన్న సంగతి కూడా లెక్కలో వేసుకోండి.

సీతంపేట_మాస్టారు

ఈ చర్చలో మా ఏజెన్సీ సంగతి రాకుండా ఉండకూడదని రాస్తున్నాను. మాకు ఈ కోర్టు రెండు ముఖాలతో కనిపించింది.

మొదటిది 1997 జూలైలో వచ్చిన సమత తీర్పు. అనంతగిరి మండలంలో, బొర్రా పరిసరాల్లో గనుల లీజులపై ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు అది. గిరిజనేతరులకు భూమి బదిలీ చేయరాదన్న నిబంధనలో ‘వ్యక్తి’ అన్న మాటకు ప్రభుత్వం కూడా వస్తుందని ఇద్దరు న్యాయమూర్తులు చెప్పారు, మూడో న్యాయమూర్తి విభేదించారు. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదన్నది దాని సారం. ఒక మాటకు అర్థం విప్పి చెప్పడం వల్లనే మా కొండలు కొంతకాలం ఊపిరి పీల్చుకున్నాయి. కాబట్టి గంటస్తంభం గారూ, మాటను విస్తరించి చదవడమే నేరమంటే, మా తరఫున చదివినప్పుడు కూడా నేరమేనని మీరు ఒప్పుకోవలసి వస్తుంది.

రెండోది 2020 ఏప్రిల్ 22న వచ్చినది. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 సంవత్సరపు 3వ నంబరు జీవోను అయిదుగురి ధర్మాసనం కొట్టివేసింది. అయిదో షెడ్యూలు కింద గవర్నరుకు ఉన్న అధికారం ప్రాథమిక హక్కులకు లోబడే ఉండాలని, నూటికి నూరు శాతం రిజర్వేషను సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని షరతులతో కొనసాగనిచ్చింది, మా చెల్లెలు ఆ విధంగా నిలబడింది. ఆమె తర్వాతి వరుసలో శిక్షణ పూర్తిచేసి కూర్చున్నవారికి మాత్రం తలుపు మూసుకుపోయింది.

ఆ జీవో ఎందుకు కావలసి వచ్చిందో ఒక్క సంగతి చెబుతాను. నేను చేరిన కొత్తలో మా బడికి మైదానం నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయుడు ఉండేవారు, మంచి మనిషి. ఒకటో తరగతి సవర పిల్లవాడు లేచి నిలబడి తన భాషలో దాహమేస్తోందని చెప్పాడు. ఆయన పిల్లవాడి భుజం తట్టి, బోర్డు మీద రాస్తానంటున్నాడనుకొని సుద్దముక్క చేతిలో పెట్టారు. పిల్లవాడు ఆ సుద్దముక్కను కాసేపు చూసి, నోట్లో పెట్టుకున్నాడు. ఢిల్లీలో సమానత్వం గురించి వాదనలు జరుగుతున్నప్పుడు ఈ సుద్దముక్కను ఎవరైనా చూపించారో లేదో నాకు తెలియదు.

పైడితల్లి_జాతర

మాస్టారూ, ఇది చదివాక నాకు పరాచికం ఆడబుద్ధి కావడం లేదు. విజయనగరం మీదుగా ఢిల్లీ వెళ్లే సమతా ఎక్స్‌ప్రెస్ గుర్తొచ్చింది గానీ, ఆ జోకు నాలోనే ఉంచుకుంటాను.

గంటస్తంభం_విజయనగరం

మాస్టారు గారు చెప్పినదానికి తల వంచుతున్నాను. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. 1997లో ఇచ్చిన చేయి 2020లో వెనక్కి తీసుకుంటే, మీ కొండల భవిష్యత్తు ఏ ధర్మాసనంలో ఎవరు కూర్చున్నారన్నదాని మీద ఆధారపడినట్టే కదా. హక్కు అంటే అంతకంటే గట్టిగా ఉండాలి.

సాలూరు_సరిహద్దు

అందరూ ఈ కోర్టుకు అధికారం ఎక్కువైందంటున్నారు. మా వైపు వస్తే అధికారం చాలని కోర్టు కనిపిస్తుంది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని కొటియా గ్రామాలు ఎవరివన్న తగాదా మీద ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. యథాతథ స్థితి కొనసాగించమని కోర్టు చెప్పింది. 2006లో సరిహద్దు ఎక్కడో తేల్చకుండానే ఆ దావా ముగిసింది, ఎందుకంటే రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా ధిక్కరణ పిటిషను వేసింది. యథాతథ స్థితి అంటే మా అనుభవంలో ఏమిటంటే, ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల రేషను కార్డులు, రెండు ఓటరు కార్డులు, ఇటు బడి ఒకటి, అటు బడి ఒకటి. ఎవరైనా అధికారి వస్తే, ఏ జేబులోంచి ఏ కార్డు తీయాలో ముందుగా జీపు నంబరు ప్లేటు చూసి నిర్ణయించుకుంటారు.

నాగావళి_పాఠకుడు

వంశధార నీళ్ల సంగతి కూడా ఇటువంటిదే. 262వ అధికరణం, 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం కలిసి నీటి పంపకాల తగాదాను సుప్రీంకోర్టు పరిధి నుంచి తప్పించాయి. అయినా ఒడిశా వెళితే, ట్రైబ్యునల్ వేయమని కేంద్రాన్ని 2009లో ఆదేశించినది ఆ కోర్టే. 2010లో ఏర్పడిన ట్రైబ్యునల్ 2017లో వంశధార మీద నేరడి బ్యారేజీకి అనుమతి ఇచ్చింది. దాని మీద ఒడిశా మళ్లీ ఆ కోర్టు మెట్లే ఎక్కింది. ముందు తలుపుకు తాళం వేసినా, ప్రత్యేక అనుమతితో అప్పీలు వినే 136వ అధికరణం అనే పెరటి తలుపు తెరిచే ఉంటుంది.

వంశధార_ఒడ్డు

అందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు ఏమని చెప్పను. నాన్నగారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఆయన ఒకటే అడిగారు, “ఆ తీర్పు తెలుగులో ఉందా, నేనే చదువుకుంటాను” అని. 2020 తీర్పు మూడు వందల పేజీలకు పైగా ఇంగ్లీషులో ఉంది. తన భూమి ఎందుకు పోతోందో ఆ మనిషికి ఎవరో ఒకరు నోటితో చెప్పవలసిందేనా?

అరసవల్లి_విశ్రాంత

348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులోనే నడుస్తాయి. కొన్నేళ్లుగా తీర్పులను యంత్రం సాయంతో తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లోకి అనువదించి వెబ్‌సైటులో పెడుతున్నారు, వెతికి చూడండి. అయితే చట్టపరంగా చెల్లేది ఇంగ్లీషు ప్రతే. మీ వైపు నుంచి దాఖలు చేసే తెలుగు కాగితాలకు కూడా ఇంగ్లీషు అనువాదం జత చేయవలసిందే. ‘మడి’, ‘మదుము’, ‘గెడ్డ’ వంటి మాటలను ఎవరికి పడితే వారికి అప్పగించవద్దు. ఒకసారి మా కోర్టులో ‘గెడ్డ పోరంబోకు’ను అనువాదకుడు ‘గడ్డి పోరంబోకు’ అనుకుని రాయడంతో, వాగు పక్కనున్న పొలం కాస్తా గడ్డిబీడు అయి కూర్చుంది. దాన్ని సరిచేయడానికి ఆరు వాయిదాలు పట్టాయి.

ఇక ముఖ్యమైన సంగతి. 2020 తీర్పు తర్వాత మీరు రెండూ చూపాలి: స్వాధీనం జరగలేదని, పరిహారం ఇవ్వజూపలేదని. మొదటిదానికి 2004 నుంచి ఏటా మీ నాన్నగారి పేరు సాగుదారుగా ఉన్న అడంగల్ (ఏటా సాగు వివరాలు రాసే రెవెన్యూ రికార్డు) నకళ్లు తీయండి. రెండోదానికి, అవార్డు నోటీసు మీ నాన్నగారికి అందినట్టు వారి దగ్గర ఏ రసీదు ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఇవ్వజూపకుండా నేరుగా ఖజానాలో పడేస్తే అది వేరే కథ.

లాయరు_బొబ్బిలి

విశ్రాంత గారితో ఏకీభవిస్తున్నాను. పంచనామా నకలు కూడా అడగండి, అందులో ఆ రోజున పొలంలో ఏముందని రాశారో చూడాలి. ఢిల్లీలో కేసు దాఖలు చేయడానికి అడ్వొకేట్ ఆన్ రికార్డు హోదా ఉన్న న్యాయవాదే కావాలి. ఫీజు భారమైతే సుప్రీంకోర్టు న్యాయ సేవల కమిటీ ఉంది. వార్షికాదాయం అయిదు లక్షల రూపాయల లోపు ఉన్నవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మన జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా కూడా దరఖాస్తు పంపవచ్చు. నోటీసులో ఇచ్చిన గడువు మాత్రం దాటనివ్వకండి, వాళ్లు రెండు వేల రోజులు తీసుకున్నారని మీరు రెండు రోజులు కూడా తీసుకోవద్దు.

పైడితల్లి_జాతర

హోటల్ యజమానికి ఈ చర్చ చూపించాను. “సుప్రీంకోర్టు తీర్పు అందరికీ వర్తిస్తుంది సరే, నా బోర్డు చట్టం కాదు” అన్నాడు. 141వ అధికరణం ఆయనకు నాకంటే బాగా తెలుసు.

వంశధార_ఒడ్డు

నెల దాటాక మళ్లీ రాస్తున్నాను. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు వచ్చింది. ఢిల్లీలో ఉచిత న్యాయవాది కూడా దొరికారు.

పంచనామాలో ఆ రోజు భూమి ‘బీడు’ అని ఉంది. తేదీ చూస్తే సెప్టెంబరు నెల. అదే ఏడాది అదే సర్వే నంబరు మీద వరి పంటకు నాన్నగారు సొసైటీలో తీసుకున్న అప్పు రసీదు ట్రంకుపెట్టెలో దొరికింది. అడంగల్‌లో ఒక్క సంవత్సరం తప్ప అన్నీ మా పేరునే ఉన్నాయి.

అసలు సంగతి ఇంకొకటి. అవార్డు నోటీసు అందినట్టు చూపిన కాగితం మీద నాన్నగారి పేరు పక్కన వేలిముద్ర ఉంది. మా నాన్నగారు అయిదో తరగతి వరకు చదువుకున్నారు. నాకు జ్ఞాపకం ఉన్నంతలో, పాల లెక్కల చీటీ మీద కూడా ఆయన పొడి అక్షరాలతో పూర్తి సంతకం చేస్తారు. ఆ కాగితం ఫొటోను కింద జతచేస్తున్నాను.

అరసవల్లి_విశ్రాంత

2004 నాటి సంతకం ఉన్న కాగితం ఇంకేదైనా ఉందా బాబూ? సొసైటీ అప్పు పత్రం అసలు ప్రతి మీద ఉంటుంది. అది సొసైటీ వారి దగ్గర ఉంటే దాని ధ్రువీకృత నకలు తీసుకోండి.

లాయరు_బొబ్బిలి

ఒడ్డు గారూ, ముందు ఆ ఫొటోను ఇక్కడి నుంచి తీసేయండి. ఈ వేదికను ఎదుటి పక్షం వారు కూడా చదవవచ్చు. పైగా హైకోర్టు ముందు లేని కాగితాన్ని సుప్రీంకోర్టు అంత తేలికగా చూడదు, అదనపు పత్రాలకు విడిగా దరఖాస్తు వేసి, ఇంతకాలం ఎందుకు బయటపడలేదో చెప్పాలి. సమాచార హక్కు జవాబు వచ్చిన తేదీ ఉన్న కవరును కూడా పారేయకుండా దాచండి. దీని గురించి ఇక ఇక్కడ ఒక్క మాట కూడా రాయవద్దు, మీ ఢిల్లీ న్యాయవాదితో మాట్లాడండి.

వంశధార_ఒడ్డు

ఫొటో తీసేశాను మేడం. ఆ కాగితం చూపించినప్పుడు నాన్నగారు కోర్టు గురించి ఏమీ అనలేదు. కళ్లద్దాలు పెట్టుకొని వేలిముద్రను కాసేపు చూసి, పక్కన రాసి ఉన్న తన పేరు మీద వేలు పెట్టి, “దీర్ఘం కూడా వదిలేశారు రా” అన్నారు.